దాత ఇచ్చిన రూపాయి ఏ పద్దులో ఉంది?
ధార్మిక, ప్రభుత్వ సంస్థల ఆర్థిక నిర్వహణలో పీజీ చదువు గురించి

రంజాన్ నెలలో సొసైటీకి విరాళం ఇచ్చే దాత డబ్బుతోపాటు ఒక మాట కూడా ఇస్తాడు. "ఇది జకాత్, పేద పిల్లల ఫీజులకు." "ఇది లిల్లాహ్, ఎక్కడ అవసరమైతే అక్కడ వాడండి." "ఇది ఫిత్రా, పండుగ నమాజుకు ముందే పంచేయండి." "ఇది హాస్టల్ భవనానికి, మా నాన్నగారి పేరు మీద." రసీదు రాసే సోదరుడు ఆ మాట వింటాడు, ఒక్కోసారి రసీదు మీద రాస్తాడు కూడా. ఆ తర్వాత డబ్బంతా ఒకే బ్యాంకు ఖాతాలోకి వెళుతుంది. మార్చి 31న లెక్క చూసుకుంటే ఖాతాలో మొత్తం ఎంత ఉందో తెలుస్తుంది. అందులో జకాత్ ఎంత, భవనానిది ఎంత, లిల్లాహ్ ఎంత అని అడిగితే వెంటనే చెప్పగలిగే సొసైటీలు తక్కువ.

దాత చెప్పిన ఆ మాట ఏడాది చివరిదాకా డబ్బుతోపాటే నడిచేలా చూసే విద్య ఒకటి ఉంది. ప్రభుత్వ, లాభాపేక్ష లేని సంస్థల ఆర్థిక నిర్వహణ అని దానికి పేరు. విశ్వవిద్యాలయాలు దీన్ని పీజీ స్థాయిలో నేర్పుతున్నాయి. మన దాతల సహాయంతో ఇంజినీర్లు, డాక్టర్లు, ఫార్మసిస్టులు తయారవుతున్నారు, అల్హందులిల్లాహ్. ఈ చదువు చదివినవారు మాత్రం మన ధార్మిక సంస్థల్లో ఎక్కడోగాని కనబడరు. ఈ చదువు ఏమిటి, ఎక్కడ దొరుకుతుంది, దాతలు దీన్ని ఎందుకు పట్టించుకోవాలి అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

లాభం లేనిచోట లెక్క

మామూలు ఎం.బి.ఎ. ఫైనాన్స్‌లో నేర్పేదంతా ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. అది లాభం. బట్టల షాపు బాగా నడుస్తోందా లేదా అన్నది ఏడాది చివర లాభం చెప్పేస్తుంది. మునిసిపాలిటీకి, ప్రభుత్వ ఆసుపత్రికి, అనాథాశ్రమానికి అలాంటి అంకె లేదు. ఖాతాలో డబ్బు బాగా మిగిలిందంటే అనాథాశ్రమం బాగా నడిచిందని అర్థమా, పిల్లలకు పెట్టవలసింది పెట్టలేదని అర్థమా? ఆ అంకెను చూసి ఎవరూ చెప్పలేరు.

ఇంకో తేడా కూడా ఉంది. షాపులో డబ్బు ఇచ్చేవాడే సరుకు తీసుకుంటాడు. సరుకు బాగోకపోతే మరుసటి రోజు తిరిగి తెచ్చి పడేస్తాడు. ధార్మిక సంస్థలో డబ్బు ఇచ్చేది ఒకరు, ప్రయోజనం పొందేది మరొకరు. స్కాలర్‌షిప్ ఆలస్యంగా అందిన విద్యార్థిని దాత ఎవరో ఎరుగదు. దాత ఆ అమ్మాయిని చూడడు. పన్ను కట్టేవాడికీ ప్రభుత్వ ఆసుపత్రిలో మంచం దొరకని రోగికీ మధ్య కూడా ఇదే దూరం. అందుకే ప్రభుత్వాన్నీ స్వచ్ఛంద సంస్థనూ ఒకే కోర్సులో కలిపి చదివిస్తారు. ఈ రెండు చోట్లా సొంతదారు లేడు. డబ్బు ఫలానా పనికి అని షరతుతో వస్తుంది. ఆ షరతు నెరవేరిందని రుజువు చూపించవలసిన బాధ్యత తీసుకున్నవాడిది.

ఈ చదువులో మొదట నేర్పేది నిధివారీ లెక్కలు, అంటే ఫండ్ అకౌంటింగ్. మాటల్లో కంటే అంకెల్లో ఇది తేలికగా అర్థమవుతుంది. ఉదాహరణకు ఒక సొసైటీ ఉందనుకుందాం. ఏడాదిలో దానికి జకాత్ 9 లక్షలు వచ్చింది. లిల్లాహ్, సాధారణ విరాళాలు 3 లక్షలు. భవనం కోసమని దాతలు రాసిచ్చి ఇచ్చినది 5 లక్షలు. ఒక కంపెనీ తన సీఎస్ఆర్ నిధి నుంచి కంప్యూటర్ శిక్షణ కోసం ఇచ్చినది 4 లక్షలు. మొత్తం రాబడి 21 లక్షలు. ఖర్చు చూద్దాం. జకాత్ నుంచి పేద విద్యార్థులకు 6 లక్షల 50 వేలు ఇచ్చారు. కంప్యూటర్ శిక్షణకు 2 లక్షల 50 వేలు అయింది. ఆఫీసు అద్దె, గుమస్తా జీతం, కరెంటు, ముద్రణ, ప్రయాణాలు కలిపి 3 లక్షల 60 వేలు. భవనం పని ఇంకా మొదలుపెట్టలేదు. మొత్తం ఖర్చు 12 లక్షల 60 వేలు. బ్యాంకులో 8 లక్షల 40 వేలు మిగిలింది.

వార్షిక సమావేశంలో కోశాధికారి గారు ఈ జమాఖర్చులు చదువుతారు. 8 లక్షల 40 వేలు నిల్వ ఉందని వినగానే అందరి ముఖాలూ వికసిస్తాయి. ఆఫీసు పైకప్పు కారుతోంది, 2 లక్షలతో బాగు చేయిద్దామని ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు.

ఇప్పుడు అదే లెక్కను నిధివారీగా విడదీయండి. జకాత్‌లో మిగిలింది 2 లక్షల 50 వేలు. కంపెనీ డబ్బులో మిగిలింది లక్షన్నర. భవన నిధి 5 లక్షలు అలాగే ఉంది. మూడూ కలిపితే 9 లక్షలు. బ్యాంకులో ఉన్నది మాత్రం 8 లక్షల 40 వేలే. ఆ 60 వేలు ఏమయ్యాయి? సాధారణ నిధికి వచ్చింది 3 లక్షలు, దాని మీద పడిన ఖర్చు 3 లక్షల 60 వేలు. అంటే గుమస్తా జీతంలో, ఆఫీసు అద్దెలో 60 వేలు అప్పటికే జకాత్ నుంచో, భవన నిధి నుంచో, కంపెనీ డబ్బు నుంచో వెళ్లిపోయింది. పైకప్పుకు ఖర్చు పెట్టడానికి ఆ సొసైటీ దగ్గర ఒక్క రూపాయి లేదు. పైగా 60 వేలు తిరిగి పెట్టవలసి ఉంది.

ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు. ప్రతి ఖర్చుకూ వోచరు ఉంది, సంతకం ఉంది. ఆడిటర్ గారు కూడా మొత్తం సరిపోయిందని రాసిస్తారు, ఎందుకంటే మొత్తం నిజంగానే సరిపోయింది. అయినా జకాత్ ఇచ్చిన ఒక దాత బాధ్యత నెరవేరిందా లేదా అన్న ప్రశ్న మిగిలిపోయింది. నిజాయితీపరులైన పెద్దలు నడిపే సంస్థల్లోనే ఇది ఎక్కువగా జరుగుతుందని నా అభిప్రాయం. మోసం చేసేవాడు లెక్క దాచాలని జాగ్రత్త పడతాడు. మంచివాడు తన మనసు శుభ్రంగా ఉంది కాబట్టి లెక్క కూడా శుభ్రంగానే ఉందనుకుంటాడు.

పెద్ద సంస్థలు కూడా ఇదే గోతిలో పడ్డాయి. 1975లో అమెరికాలోని న్యూయార్క్ నగరం తన అప్పులు తీర్చలేని స్థితికి వచ్చింది. అందుకు ఎన్నో కారణాలు చెబుతారు. వాటిలో ఒకటి, భవనాలు, వంతెనలు వంటి దీర్ఘకాలిక పనులకు ఉద్దేశించిన బడ్జెట్లో రోజువారీ ఖర్చులను చేర్చి, ఏటేటా అప్పు తెచ్చి నడపడం. మన ఉదాహరణలోని 60 వేల కథే అక్కడ వందల కోట్ల డాలర్లలో జరిగింది. రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు లెక్కలు ఎలా రాయాలో నిర్ణయించడానికి 1984లో అమెరికాలో ప్రత్యేకంగా ఒక ప్రమాణాల మండలి ఏర్పడింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఈ విషయం చదివేవారు వాణిజ్య సంస్థల ప్రమాణాలు ఒక పక్క, ఈ మండలి ప్రమాణాలు మరో పక్క పెట్టుకుని నేర్చుకుంటారు. స్వచ్ఛంద సంస్థలు తమ నికర ఆస్తిని దాత షరతు ఉన్నది, దాత షరతు లేనిది అని రెండుగా విడదీసి చూపించాలన్నది ఇప్పుడు అక్కడి నియమం.

ఇది మనకు కొత్త కాదు

జకాత్ ఎవరికి చెల్లుతుందో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో ఎనిమిది వర్గాలుగా చెప్పింది. అంటే డబ్బు రాకముందే దాని పద్దులు నిర్ణయమైపోయాయి. ఆ ఎనిమిదిలో మూడో వర్గం జకాత్ వసూలు, నిర్వహణ చేసే ఉద్యోగులు. ఈ సంగతి మీద మనం తగినంత ఆలోచించలేదనిపిస్తుంది. నిర్వహణ అంటే తీరిక ఉన్నవారు తీరికవేళ చేసే పని కాదని, దానికి మనిషి, సమయం, వేతనం కావాలని ఆ ఏర్పాటే చెబుతోంది.

బనూ సులైమ్ తెగ నుంచి జకాత్ వసూలు చేయడానికి వెళ్లిన ఒక ఉద్యోగి తిరిగి వచ్చి, కొంత భాగం మీది, కొంత నాకు కానుకగా ఇచ్చారు అని చెప్పినప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ని లెక్క అడిగి గట్టిగా మందలించిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. తండ్రి ఇంట్లోనో తల్లి ఇంట్లోనో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చి ఉండేదా అన్నది అక్కడి ప్రశ్న. ఈనాటి పాఠ్యపుస్తకాలు ప్రయోజనాల వైరుధ్యం అనే అధ్యాయంలో చెప్పేది ఇదే.

అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ కోసం ఖాజీ అబూ యూసుఫ్ రాసిన కితాబుల్ ఖరాజ్ ప్రభుత్వ ఆదాయవ్యయాల మీద వచ్చిన తొలి గ్రంథాల్లో ఒకటి. ఆయన 798లో మరణించారు. భూమి పన్నుగా వచ్చిన ఖరాజ్ సొమ్మును జకాత్ సొమ్ముతో కలపకూడదని ఆయన అందులో స్పష్టంగా చెప్పారు. ఖరాజ్ ముస్లిం సమాజం మొత్తానిది, జకాత్ అల్లాహ్ పేర్కొన్న వర్గాలది, కాబట్టి రెండూ వేరుగా ఉండాలన్నది ఆయన వాదన. పన్నెండు వందల ఏళ్ల క్రితమే మన దగ్గర ఉన్న సూత్రాన్ని ఇప్పుడు మనం అమెరికా పుస్తకాల్లో చదువుకోవలసి వస్తోంది. పరవాలేదు, విద్య ఎక్కడ దొరికితే అక్కడే తెచ్చుకోవాలి.

కోర్సులో ఇంకా ఏముంటుంది

నిధివారీ లెక్కల తర్వాత వచ్చే ముఖ్యమైన పాఠం వ్యయ విశ్లేషణ. దాతలకు ఇది బాగా ఉపయోగపడుతుంది కనుక కొంచెం వివరిస్తాను. ఒక సొసైటీ 40 మంది విద్యార్థులకు పోటీ పరీక్షల కోచింగ్ నడుపుతోందనుకోండి. గది అద్దె 1 లక్షా 20 వేలు, అధ్యాపకుల వేతనాలు 2 లక్షల 40 వేలు, ఒక్కో విద్యార్థికి పుస్తకాల ఖర్చు వెయ్యి. మొత్తం 4 లక్షలు. తలకు 10 వేలు. "10 వేలు ఇవ్వండి, ఒక విద్యార్థిని దత్తత తీసుకోండి" అని కరపత్రం వేస్తారు. మరుసటి ఏడాది 20 మందే చేరారు. అద్దె తగ్గదు, వేతనాలు తగ్గవు. ఖర్చు 3 లక్షల 80 వేలు, తలకు 19 వేలు. 60 మంది చేరి ఉంటే 4 లక్షల 20 వేలు, తలకు 7 వేలే. తలసరి ఖర్చు పెరిగిందని దాతలు నొచ్చుకుంటారు. అసలు తేలవలసిన ప్రశ్న, ఆ గదిలో ఖాళీగా ఉన్న సీట్లను నింపడం ఎలా అన్నది. స్థిర వ్యయం ఏది, తలకు పెరిగే వ్యయం ఏది అని విడదీయడం వచ్చినవాడు అడ్మిషన్లు మొదలు కాకముందే కార్యవర్గానికి ఈ మాట చెబుతాడు.

బడ్జెట్ తయారీ, నగదు అంచనా కూడా నేర్పుతారు. విరాళాల్లో పెద్ద భాగం రంజాన్‌లో వస్తుంది. కాలేజీ ఫీజులు జూన్, జూలైలలో పడతాయి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. ఒక దశలో విరాళాల నెలకూ ఫీజుల నెలకూ మధ్య దూరం బాగా పెరుగుతుంది. పది సంవత్సరాల ముందుచూపుతో ఈ లెక్క వేసుకున్న సొసైటీ ఫీజు గడువు ముందు చేబదులు కోసం పరుగులు పెట్టదు.

అంతర్గత నియంత్రణ అనే పాఠం సారాంశం తేలిక. డబ్బు తీసుకునేవాడు, పుస్తకంలో రాసేవాడు, చెక్కు మీద సంతకం చేసేవాడు ఒకే మనిషి కాకూడదు. చిన్న సొసైటీల్లో ముగ్గురు మనుషులు దొరకరు. అప్పుడు ఏం చేయాలన్నదే అసలు చదువు. నెలకోసారి కార్యవర్గంలో మరో సభ్యుడు బ్యాంకు స్టేట్‌మెంటును నేరుగా తెప్పించుకుని పుస్తకంతో పోల్చడం వంటి ఉపాయాలు అందులో ఉంటాయి. ఇవి మనిషి మీద అనుమానంతో పెట్టినవి కావు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే కోశాధికారి గౌరవాన్ని కాపాడేవి ఇవే.

ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ భాగంలో బడ్జెట్ ఆమోదం, కేటాయింపుల చట్టం, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పాత్ర, మునిసిపాలిటీల జమాఖర్చులు వంటివి ఉంటాయి. మన దేశంలో పట్టణ స్థానిక సంస్థలు జంటపద్దు విధానంలోకి రావడానికి 2004లో జాతీయ మునిసిపల్ అకౌంట్స్ మాన్యువల్ వచ్చింది. మనకెందుకు అనుకోవద్దు. ప్రభుత్వ గ్రాంటు తీసుకున్న ఏ సొసైటీ అయినా వినియోగ ధ్రువపత్రం నిర్ణీత నమూనాలో ఇవ్వాలి. అది ఇవ్వకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది.

ఇక చట్టం. ధార్మిక సంస్థల పన్ను నియమాలు ఈ పదేళ్లలో ఎంత మారాయంటే, పాత అలవాటుతో నడిచే సంస్థ తెలియకుండానే తప్పులో పడుతుంది. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్ల నంబర్లు కూడా మారాయి. అందరికీ అలవాటైన పాత పేర్లతోనే చెబుతాను. 12ఏబీ నమోదు ఉన్న సంస్థ తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ధార్మిక పనులకు వాడాలి. వాడలేకపోతే కారణం చూపి, నిర్ణీత ఫారం గడువులోగా దాఖలు చేసి, ఐదేళ్ల వరకు ఆ పనికే దాచుకోవచ్చు. మన ఉదాహరణలోని భవన నిధి 5 లక్షలు మూలధన నిధిగా చెల్లాలంటే దాత రాతపూర్వక సూచన ఉండాలి, ఆ సొమ్మును అనుమతించిన పెట్టుబడుల్లో విడిగా చూపాలి. 80జి మినహాయింపు ఉన్న సంస్థ ఏ దాత ఎంత ఇచ్చాడో వివరాలతో ఫారం 10బీడీ దాఖలు చేసి, దాతకు 10బీఈ పత్రం ఇవ్వాలి. 2 వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి 80జి వర్తించదు. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్న దాతలకు అసలే వర్తించదు. ఈ చివరి సంగతి తెలియక రసీదు కోసం తిరుగుతున్న దాతలు చాలామంది ఉన్నారు.

పేరు రాయని విరాళాల సంగతి కూడా ఉంది. పెట్టెల్లో, చందా డబ్బాల్లో వచ్చిన సొమ్ముకు దాత పేరు, చిరునామా ఉండవు. పూర్తిగా మతపరమైన ట్రస్టుకు దీనితో ఇబ్బంది లేదు. ధార్మిక సేవాసంస్థగా నమోదైనవాటికి మాత్రం అలాంటి విరాళాలు లక్ష రూపాయలు లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి మించితే, మించిన భాగంపై 30 శాతం పన్ను పడుతుంది. గోప్యంగా ఇవ్వడం మన దగ్గర ఉత్తమమైన దానం. ఆ గోప్యత లోకం ముందు ఉంచుకుని, రసీదు పుస్తకంలో మాత్రం పేరు రాయించమని దాతలకు ముందే చెప్పగలిగినవాడు సొసైటీలో ఉండాలి.

అన్నిటికంటే సున్నితమైనది మరొకటి. 80జి పొందాలంటే సంస్థ ఒక మత వర్గానికే పరిమితమని దాని నియమావళిలో ఉండకూడదు. జకాత్ ముస్లిం పేదలకే ఇవ్వాలన్నది ఎక్కువమంది ఫుఖహాల అభిప్రాయం. ఈ రెండింటినీ ఒకే సొసైటీలో ఎలా నడపాలి, వేర్వేరు సంస్థలుగా పెట్టాలా, నియమావళి ఎలా రాసుకోవాలి అన్నది న్యాయవాదికి సగం, ముఫ్తీ గారికి సగం తెలిసిన విషయం. ఇద్దరి మాటా అర్థం చేసుకుని దాన్ని పద్దుల పుస్తకంగా మార్చగల మూడో మనిషి కావాలి.

"మాకు చార్టర్డ్ అకౌంటెంట్ గారు ఉన్నారు కదా" అని చాలామంది అంటారు. సంతోషం, ఉండాలి. కానీ ఆడిటర్ గారు వచ్చేసరికి ఖర్చు అయిపోయి ఉంటుంది. పైకప్పు ప్రతిపాదన వచ్చిన సాయంత్రం ఆ గదిలో కూర్చుని "ఇది భవన నిధి, ఇది జకాత్, మన చేతిలో సాధారణ నిధి లేదు" అని చెప్పవలసినవాడు వేరు.

వక్ఫ్ విషయంలో ఈ లోటు ఖరీదు ఎంతో సచార్ కమిటీ 2006లోనే లెక్కగట్టింది. దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4 లక్షల 90 వేలకు పైగా, విస్తీర్ణం దాదాపు 6 లక్షల ఎకరాలు, మార్కెట్ విలువ సుమారు 1 లక్షా 20 వేల కోట్లు అని ఆ నివేదిక అంచనా. వాటి మీద వస్తున్న వార్షిక ఆదాయం 163 కోట్లు. పది శాతం రాబడి వచ్చేలా నిర్వహిస్తే ఏటా 12 వేల కోట్లు వచ్చేదని కమిటీ పేర్కొంది. ఆక్రమణలు, కోర్టు కేసులు, పాత అద్దెలు ఇందుకు పెద్ద కారణాలు, నిజమే. ఆస్తిని ఏ అద్దెకు ఇవ్వాలి, మరమ్మతుకు ఎంత తీసిపెట్టాలి, ఏటా రాబడిలో ఎంత పంచి ఎంత తిరిగి మూలధనంలో కలపాలి అని కూర్చుని లెక్కవేసే చదువరులు లేకపోవడం కూడా ఒక కారణం. శాశ్వత నిధుల నిర్వహణ అనే పేరుతో ఈ విషయం పీజీ కోర్సుల్లో ఉంది.

ఎక్కడ చదవాలి

మన దేశంలో సరిగ్గా ఈ పేరుతో డిగ్రీ అరుదు. దగ్గరి దారులు ఉన్నాయి. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో వర్గీస్ కురియన్ గారి చొరవతో ఏర్పడిన గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మా సహకార సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు పనికొచ్చే నిర్వాహకులను తయారు చేస్తూ వచ్చింది. 2025లో చేసిన చట్టంతో అది త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంలో భాగమైంది. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో డెవలప్‌మెంట్ విషయంలో ఎం.ఎ. ఉంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి అక్కడ ఫీజు సహాయం ఇస్తారు కనుక మన పిల్లలు తప్పక ప్రయత్నించాలి. ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఉంది. ఫరీదాబాద్‌లోని అరుణ్ జైట్లీ జాతీయ ఆర్థిక నిర్వహణ సంస్థ కేంద్ర ఆర్థిక శాఖ కింద పనిచేస్తుంది, ప్రధానంగా ప్రభుత్వ అకౌంట్స్ సర్వీసుల అధికారులకు శిక్షణ ఇస్తుంది. ఇంటికి దగ్గరగా కావాలనుకునేవారికి హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఎం.కాం., ఎం.బి.ఎ. ఉన్నాయి. వాటితోపాటు ఇగ్నోలో ఎన్జీవో నిర్వహణ సర్టిఫికెట్ కోర్సు చేస్తే రెండూ కలిసి ఒక మంచి పునాది అవుతాయి.

అమెరికాలో ఇది బాగా స్థిరపడిన విషయం. అక్కడ ఎం.పి.ఎ., అంటే ప్రభుత్వ పాలనలో మాస్టర్స్ డిగ్రీ, దీనికి ముఖ్య ద్వారం. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని వాగ్నర్ స్కూల్ ఇందుకు పేరున్నది. అక్కడ పనిచేసిన ప్రొఫెసర్ స్టీవెన్ ఫింక్లర్ ప్రభుత్వ, ఆరోగ్య, లాభాపేక్ష లేని సంస్థల ఆర్థిక నిర్వహణ మీద రాసిన పుస్తకం ఎన్నో కోర్సుల్లో పాఠ్యపుస్తకం. కెంటకీ విశ్వవిద్యాలయంలోని మార్టిన్ స్కూల్‌లో ప్రభుత్వ ఆర్థిక నిర్వహణకే ప్రత్యేకమైన మాస్టర్స్ ఉంది, ఆన్‌లైన్లో చదవవచ్చు. ఇండియానాపొలిస్‌లోని లిల్లీ ఫ్యామిలీ స్కూల్ ఆఫ్ ఫిలాంత్రపీ దాతృత్వ విద్యకే అంకితమైన సంస్థ. అక్కడ ముస్లింల దాతృత్వం మీద పరిశోధన చేసే ముస్లిం ఫిలాంత్రపీ ఇనిషియేటివ్ అనే విభాగం కూడా నడుస్తోంది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లల్లో ఎవరైనా ఈ వైపు వెళితే వారికీ మంచిది, వారు విరాళాలు పంపే ఇక్కడి సంస్థలకూ మంచిది.

అయితే మన సొసైటీ డబ్బుతో విదేశీ చదువుకు పంపాలని నేను సలహా ఇవ్వను. ఫీజులు పెద్దవి, విద్యా రుణం తీసుకుంటే వడ్డీ సమస్య. తెలంగాణ విద్యార్థులకు ప్రభుత్వం మైనారిటీల విదేశీ విద్య కోసం 20 లక్షల వరకు ఇచ్చే పథకం ఉంది. అర్హత, కోర్సుల జాబితా ఆ ఏటి ప్రకటనలో చూసుకుని దరఖాస్తు చేయాలి. మనం పెట్టే డబ్బు దేశంలోని కోర్సులకు పెడితే ఒకరి ఖర్చుతో అనేకమంది చదువుకుంటారు.

ఎవరిని ఎంచుకోవాలన్న దానిపై నాకు ఒక అభిప్రాయం ఉంది. మన జిల్లాల్లో బి.కాం. మంచి మార్కులతో పాసై, పై చదువు ఆగిపోయి ఇంట్లో ఉన్న అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఈ పని ఊళ్లో ఉండి చేయవచ్చు. ఒకే అకౌంట్స్ మనిషి మూడు నాలుగు చిన్న సొసైటీలకు, మదర్సాలకు కలిపి పనిచేయవచ్చు. జీతం పంచుకుంటే ఎవరికీ భారం కాదు. ఉద్యోగాలు మన సంస్థల్లోనే ఉంటాయని కూడా కాదు. కంపెనీల సీఎస్ఆర్ విభాగాలు, పెద్ద స్వచ్ఛంద సంస్థలు, సహకార సంఘాలు, మునిసిపాలిటీలు ఈ అర్హత ఉన్నవారిని తీసుకుంటాయి.

దాతల వంతు

పైన చెప్పిన ఉదాహరణలో 60 వేల లోటు ఎందుకు వచ్చిందో మరోసారి చూడండి. 21 లక్షల్లో ఎక్కడైనా వాడుకోదగిన సొమ్ము 3 లక్షలే. మిగతా 18 లక్షలకు షరతులు ఉన్నాయి. 18 లక్షల పని చేయడానికి ఆఫీసు కావాలి, మనిషి కావాలి, వాటికి ఎవరూ ఇవ్వలేదు. ప్రతి పైసా పేదవాడికే చేరాలని కోరుకోవడం మంచి మనసు. కానీ పేదవాడిని వెతికి, అర్హత విచారించి, డబ్బు చేర్చి, రసీదు దాచేవాడికి బస్సు ఛార్జీ ఎవరిస్తారు? జకాత్ ఇచ్చే దాత దానితోపాటు కొంత లిల్లాహ్ కూడా ఇచ్చి, ఇది నిర్వహణ ఖర్చుకు అని రసీదు మీద రాయిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. వార్షిక నివేదికలో నిధివారీగా ప్రారంభ నిల్వ, రాబడి, ఖర్చు, ముగింపు నిల్వ చూపించమని సర్వసభ్య సమావేశంలో అడగండి. దాత అడిగితే కార్యవర్గం తప్పక చేస్తుంది. కోశాధికారి గారు కూడా లోలోపల సంతోషిస్తారు, పైకప్పు ప్రతిపాదనలను ఆపడానికి ఆయన చేతికి ఒక కాగితం దొరుకుతుంది కనుక.

జకాత్ నిర్వహణకు అయ్యే వేతనాన్ని జకాత్ నుంచే ఇవ్వవచ్చా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ప్రభుత్వం నియమించని ప్రైవేటు సొసైటీ ఉద్యోగులు ఖుర్ఆన్ చెప్పిన ఆ మూడో వర్గంలోకి వస్తారా, వస్తే ఎంత వరకు తీసుకోవచ్చు అన్నదానిపై ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మీ సొసైటీ విశ్వసించే ముఫ్తీ గారి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకుని మినిట్స్ పుస్తకంలో అతికించండి. ఏటా కార్యవర్గం మారినా ఆ కాగితం మారదు.

ఈ కోర్సు చదివే విద్యార్థినికి ఫీజు ఏ నిధి నుంచి ఇవ్వాలన్నది కూడా అదే పద్ధతిలో తేల్చుకోవాలి. ఆమె జకాత్‌కు అర్హురాలైతే జకాత్ నుంచి ఇవ్వవచ్చు. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ సొమ్ము ముందు ఆమె సొంతం కావాలి. కాబట్టి చెక్కు కాలేజీ పేరున కాక ఆమె పేరున రాసి, ఆమె సంతకం తీసుకుని, ఆమె చేతనే ఫీజు కట్టించాలి. చదువయ్యాక మా సొసైటీలోనే రెండేళ్లు పనిచేయాలన్న షరతు ఆ చెక్కుకు తగిలించకూడదు. జకాత్ సొమ్ము ఆమె హక్కు, దానికి బదులుగా మనం పని అడగలేము. అలాంటి ఒప్పందం చేసుకోదలిస్తే సాధారణ నిధి నుంచి ఇవ్వాలి, ఆ నిధిలో డబ్బు ఉందో లేదో ముందు చూసుకుని.